వివరణ లేని జవాబు

భీమశంకరంగారి కాపురం "ఎందుకు?" అనే ఒక్క ప్రశ్న మీద నడిచేది. ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఊళ్లో కరెంటెందుకు పోయిందో ఎవరికీ చెప్పలేదు గానీ, ఇంట్లో మాత్రం ప్రతిదానికీ ఆయనకి కారణం కావాలి. భార్య పేరిందేవి బీరకాయ తరుగుతుంటే "ఆనపకాయ ఎందుక్కాదు?" అనేవారు. ఆవిడ కారణం చెప్పేది. ఆయన అందులో చిల్లు వెతికేవారు. ఆవిడ ఆ చిల్లుకి మాటు వేసేది. ఈలోగా కూర ఉడికిపోయేది, అది బీరకాయ కూరే అయ్యేది. గోడ అవతలివాళ్లు పాపం వీళ్లిద్దరికీ పడదనుకునేవారు. వీళ్లు మాత్రం కబుర్లు చెప్పుకుంటున్నామనుకునేవారు.

పేరిందేవి కాకినాడ హెడ్ పోస్టాఫీసులో చేసి రిటైరయింది. ఊళ్లోనే వెలువడే ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి గళ్ల నుడికట్టు కూర్చేది. మామూలుది కాదు, మెలిక ఉన్నది. అందులో ఆధారం పైకి ఒకటి చెప్తుంది, లోపల ఇంకోటి చేస్తుంది. "తలకిందులైన కలపతో అక్షరాలు దిద్దాలి" అని ఉంటే వడ్రంగిని పిలవక్కర్లేదు. కలప అన్న మాటని చివర్నించి చదివితే పలక వస్తుంది. జవాబులూ, ఒక్కో జవాబుకీ వివరణా పై ఆదివారం అచ్చవుతాయి.

ఆదివారం పొద్దున్నే వాళ్ల అపార్ట్‌మెంటు హాల్లో నుడికట్టు బృందం చేరేది. పేరిందేవి పెట్టిన నియమం ఒకటే. జవాబు చెప్పినవాళ్లు వివరణ కూడా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క.

"జవాబు ఎవరికైనా తగుల్తుందండీ," అనేది ఆవిడ. "ఎలా తగిలిందో చెప్తేనే అది మీది."

ఆ హాల్లోకే ఒక ఆదివారం డాక్టర్ లోహిత వచ్చింది. ఊరి శివార్లలోని మెదడు పరిశోధన కేంద్రంలో ఆమె శాస్త్రవేత్త. చిక్కుముడి విప్పేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందో చూడాలి, అలవాటున్నవాళ్లు కావాలంది. ఎవరూ పేరివ్వలేదు. అంతా ఉచితం, టిఫిను కూడా పెడతామంది. ఇన్నాళ్లూ నుడికట్టు జోలికే రాని నాలుగో అంతస్తువాళ్లు కూడా పేర్లిచ్చారు. ఒకావిడ పనిలో పనిగా బీపీ చూస్తారా అని అడిగింది.

మొదటిరోజు పేరిందేవి తలకి టోపీలాంటిది తొడిగి, ఎదురుగా తెర మీద ఒక ఆధారం చూపించారు. ఆవిడ ఇంకా చదువుతూనే ఉంది, పక్కనున్న గంట టింగుమంది.

"మీకు జవాబు తెలిసిపోయిందండి," అంది లోహిత.

"నాకింకా తెలీలేదమ్మా."

"తెలిసింది. మీకు చెప్పలేదంతే."

"ఎవరు?"

"మీ మెదడు."

తోడొచ్చిన భీమశంకరంగారు కుర్చీలోంచి అన్నారు. "వాళ్ల పుట్టింట్లో అందరూ అంతేనమ్మా. తెలిసింది చెప్పరు."

కాసేపటికి పేరిందేవికి జవాబు నిజంగానే తట్టింది. ఆ మధ్యలో ఉన్న కాసేపే లోహిత కనిపెట్టిన సంగతి. జవాబు ముందే తయారైపోతుంది. అది ఏ దారిన వచ్చిందో మెదడు సరిచూసుకుని, ఆ తర్వాతే మనిషికి అప్పగిస్తుంది. టోపీ సరిగ్గా ఆ క్షణంలో చిన్న చురుకు పెట్టి, సరిచూసుకోవడం ఏమీ లేకుండా జవాబుని తిన్నగా నోటికి పంపించేస్తుంది. దానికి ముందుమాట అని పేరు పెట్టారు. కొన్ని వారాలు అలా అలవాటైతే టోపీ తీసేసినా జవాబు అదే అడ్డదారి పడుతుంది.

పొరపాటు టిఫిను దగ్గర జరిగింది. మొదట్లో పరీక్షలో వివరణ కూడా అడిగేవారు. నుడికట్టు బృందం వివరణ చెప్పడమంటే ఒకరు చెప్పడం, మిగతా అందరూ అది తప్పనడం. పెసరట్లు చల్లారిపోయేవి. మూడోసారి కూడా అట్లు రబ్బరులా సాగేసరికి, వివరణ తీసేద్దామా అని కేంద్రం డైరెక్టరు డాక్టర్ కృపానందం అడిగాడు. చేతులెత్తమన్నాడు. అందరూ ఎత్తారు. పేరిందేవి కూడా ఎత్తింది. అట్లు వేడిగా ఉన్నాయి.

ఆ తర్వాత పరీక్షలో రెండే కొలిచారు, జవాబు ఒప్పా కాదా, ఎంత తొందరగా వచ్చింది. రెండింటిలోనూ ఫలితాలు అద్భుతంగా వచ్చాయి.

*

టోపీ పని అయిపోయిన కొన్నాళ్లకి ఒక పొద్దున్న భీమశంకరంగారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"దొండకాయా? ఎందుకు?"

"తెలీదండీ."

"అంటే?"

"దొండకాయ చెయ్యాలి. అంతే."

కోపమొచ్చిందనుకున్నారు. వెళ్లి పేపరు చదువుకున్నారు. మర్నాడు కరెంటు బిల్లు గురించీ అంతే, ఆ మర్నాడు చుట్టాలింట్లో పెళ్లికి వెళ్లడం గురించీ అంతే. వెళ్లాలి. తెలీదు. అంతే. భార్య చెప్పినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. చిల్లు వెతుకుదామంటే గిన్నే లేదు. ఇల్లు నిశ్శబ్దంగా అయిపోయింది. గోడ అవతలివాళ్లు మొత్తానికి ఇద్దరూ రాజీ పడ్డారని సంతోషించారు.

అపార్ట్‌మెంటుకి మాత్రం పండగే. ఇన్నాళ్లూ ఆవిడని ఏదన్నా అడిగితే బోలెడంత వివరణ వినాల్సొచ్చేది. ఇప్పుడు ఒక్క ముక్కలో తేలిపోతోంది. ఏ ఫ్రిజ్ కొనాలి, వంటమనిషిని మార్చాలా, అబ్బాయికి కంప్యూటరా మెకానికలా? ఆవిడ తడుముకోకుండా చెప్పేది. చాలామటుకు నిజమయ్యేది. కారణాలు లేకుండా చెప్పేసరికి ఆవిడ మీద భక్తి కూడా పెరిగింది. ఒకరిద్దరు అరటిపళ్లు తెచ్చారు.

ఒక శనివారం సాయంత్రం ఎదురింటి సత్యవేణి ఆదరాబాదరా వచ్చింది. "పిన్నిగారూ, ఈయనకి గుండెల్లో బరువుగా ఉందంటున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లనా?"

"గ్యాసు," అంది పేరిందేవి.

"అంతేనంటారా?"

"అంతే."

సత్యవేణి నిశ్చింతగా వెళ్లి వాము నీళ్లు కాచింది. అది గ్యాసు కాదు. తెల్లారేలోగా ఆమె భర్త సాంబమూర్తిని అంబులెన్సులో తీసుకెళ్లారు. బతికాడు. ఇంకాస్త ముందొస్తే గుండె అంత దెబ్బతినేది కాదన్నారు డాక్టర్లు. అంతకుముందు సంచీ ఊపుకుంటూ బజారుకెళ్లే మనిషి ఇప్పుడు గదిలోంచి హాల్లోకి రావడానికి మధ్యలో ఒకసారి కూర్చుంటున్నాడు.

పేరిందేవి ఆసుపత్రికి వెళ్లింది. మంచం పక్కన నిలబడింది. సత్యవేణే అంది, "పర్లేదండి. మీరు మాత్రం ఏం చేస్తారు. మీకలా తోచింది."

ఆ తర్వాత సత్యవేణి వాళ్లింటికి రాలేదు. లిఫ్టులో ఎదురైతే నవ్వేది, అంతస్తుల నెంబర్లు చూసుకునేది.

గ్యాసని ఎందుకన్నాను? పేరిందేవి అన్నం దగ్గర కూర్చుని తనని తను అదే అడిగింది. బట్టలు ఆరేస్తూ అడిగింది. లోపల్నించి గ్యాసు అన్న మాటే వచ్చింది తప్ప, దాని వెనక ఏమీ లేదు. తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కోవడానికి దారంటూ ఒకటుండాలి కదా. గోడ మీద తలుపు బొమ్మ గీసినట్టుంది.

ఆ వారమే పత్రికకి వివరణలు పంపాలి. టోపీకి ముందు తను కూర్చి పెట్టుకున్న ఆధారమే ఒకటి తీసి చదివింది. "సగం తోడు, మిగతా అంతా యుద్ధం: గుమ్మానికి వేలాడుతుంది." జవాబు తోరణం. ఎందుకు తోరణం? తెల్లకాగితం ముందు కూర్చుంది. కాగితం తెల్లగానే ఉంది.

*

కేంద్రానికి వెళ్తే, లోహిత ఆవిడ మెదడు బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టి చూపించింది. పాత బొమ్మలో సన్నటి దారులు వలలా అల్లుకుని ఉన్నాయి. కొత్తదాంట్లో ఒక్క తిన్నటి గీత.

"పాత దారులు పోయాయా, అమ్మా?"

"వాడకపోతే మెల్లగా మూసుకుపోతున్నాయండి. మేము కొలవలేదు. వివరణ తీసేశాం కదా." ఆమె తల వంచుకుంది. "నేను డైరెక్టరుగారికి రాసిచ్చాను. టోపీ పెట్టుకున్నవాళ్లందరూ సంతోషంగా ఉన్నారు, సమస్యేంటన్నారు. వచ్చే నెల ప్రయోగాలకి అనుమతిచ్చే నైతిక సంఘం ముందు పెడుతున్నారు. ర్యాంకువనం విద్యాసంస్థలు ఉన్నాయి కదా, వాళ్ల హాస్టళ్లలో పిల్లలందరికీ ముందుమాట."

"వద్దు," అంది పేరిందేవి వెంటనే.

"ఎందుకు వద్దో సంఘానికి చెప్పగలరా? మీరు చెప్తే వింటారు. కానీ ఉత్త వద్దు అంటే సరిపోదండి, కారణం కావాలంటారు."

పేరిందేవి నోరు తెరిచింది. వద్దు అన్నది మళ్లీ నోటి చివరికొచ్చి నిలబడింది. దాని వెనక ఎవరూ లేరు.

అప్పుడే వచ్చిన కృపానందం ఆవిడ బాధ అర్థం చేసుకున్నాడు. అంటే, తనకి అర్థమైన మేరకి. వివరణే కదా కావాల్సింది, దానికీ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము ఉందన్నాడు. తోరణం ఆధారం అందులో పెడితే అది క్షణంలో చెప్పింది. "గుమ్మానికి తోరణం కట్టేది పెళ్లికి. పెళ్లి అంటే సగం తోడు, సగం యుద్ధం. అందుకే జవాబు తోరణం."

పేరిందేవి దాన్నే పత్రికకి పంపింది. పాఠకులకి తెగ నచ్చింది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో దానికి గులాబీల బొమ్మ జోడించి అందరూ అందరికీ పంపుకున్నారు.

భీమశంకరంగారు పేపరు బల్లమీద పడేశారు. "ఇది కాదు."

"ఏది కాదు?"

"ఈ తోరణం కూర్చిన రోజు నాకు చెప్పావు. ఇది కాదు నువ్వు చెప్పింది. నేను అప్పుడు నీతో గంటసేపు దెబ్బలాడాను, నాకు గుర్తులేదా? తోటలో సగం తీసుకోవాలి. తోటలో పిట్టలు కొట్టుకుంటాయి, అదీ యుద్ధం. ఆ తోటలో ఆకులు కోసి గుమ్మానికి కడతారు. అదీ వివరణ."

ఆయన పెళ్లాం మాటలు ఎప్పుడూ ఇలాగే గుర్తుపెట్టుకునేవారు. పేరిందేవికి మెడ దగ్గర వేడెక్కింది.

"పిట్టలేంటండీ? ఆధారంలో తోట అన్న మాట ఎక్కడుంది? లేనిది ఎలా తెస్తారు? ఉన్నది తోడు. తోడులో సగం తో. యుద్ధమంటే రణం. తో పక్కన రణం పెడితే..."

ఆగిపోయింది. ఆయన కూడా ఆగిపోయారు.

"ఇంకోటి అడగండి," అంది మెల్లగా.

"అడిగితే రాదు. ఇందాక అడగలేదు నేను, చెప్పాను."

"అయితే చెప్పండి. తప్పు చెప్పండి."

తప్పు చెప్పడం ఆయనకేమీ శ్రమ కాలేదు. ఇన్నేళ్లూ ఇంట్లో ఊరికే పోతున్న ప్రతిభ అది. పొద్దున కాఫీతో మొదలుపెట్టేవారు. ఇంగువ వేర్లనించి రాదు, పువ్వు ఎండబెడతారు. రథం లాగేది వెనకనించి. మీ అన్నయ్య నిన్ను బాగా చూసుకున్నాడు. ధీమాగా, కళ్లజోడు ముక్కు చివరికి దించి మరీ చెప్పేవారు. పేరిందేవికి చిరాకొచ్చేది. చిరాకు వెనకాలే, అప్పుడప్పుడు, ఒక కారణం నడుచుకుంటూ వచ్చేది. చాలాసార్లు వచ్చేది కాదు. చెమటలు పట్టేవి, తల దిమ్మెక్కేది. వదల్లేదు. గోడ అవతలివాళ్లు అయ్యో మళ్లీ మొదలైంది అనుకున్నారు.

లోహిత మళ్లీ బొమ్మ తీసింది. తిన్నటి గీత పక్కన వెంట్రుకంత సన్నంగా ఒక మెలిక కనిపించింది. "ఇంత చిన్నదాంతో సంఘం ముందు నిలబడగలరా?" అంది.

"నిలబడతాను."

"ఏం చెప్తారో తెలుసా అండి?"

"తెలీదు. వెళ్తాను."

గ్యాసు అని ఎందుకన్నదో మాత్రం ఇంకా దొరకలేదు. భీమశంకరంగారు ఆ విషయంలో తప్పు చెప్పడానికి ఒప్పుకోలేదు. "అది హాస్యం కాదు," అన్నారు. ఆయనకి కూడా కొన్ని హద్దులున్నాయని పేరిందేవికి అప్పుడే తెలిసింది.

*

నైతిక సంఘంలో ఒక రిటైర్డు జడ్జిగారు, ఇద్దరు డాక్టర్లు, ర్యాంకువనం తరఫున వినీల్ అనే కుర్రాడు. కేంద్రంవాళ్లూ సాక్షీ తప్ప ఇంకెవరూ లోపలికి రాకూడదన్నారు. భీమశంకరంగారు బయట బల్ల మీద కూర్చున్నారు. కారణం లేకుండా ఒక నియమాన్ని ఆయన పాటించడం అదే మొదలు.

"చెప్పండమ్మా," అన్నారు జడ్జిగారు.

"ఇది పిల్లలకి వద్దండి."

"కారణం?"

లేదు. పేరిందేవి బల్ల అంచు పట్టుకుంది. ఎవరో ఒకరు ఏదో ఒక తప్పు మాటంటే బావుండు. వినీల్ వైపు చూసింది.

"మేడమ్ ఆవేదన హండ్రెడ్ పర్సెంట్ కరెక్టు సార్," అన్నాడు వినీల్. "పెద్దవాళ్లు. మేము చాలా గౌరవిస్తాం."

"జవాబులు రైటే వస్తాయి, కానీ..." అంది ఆవిడ.

"కరెక్టు మేడమ్."

"రైటొస్తే చాలదు."

"అస్సలు చాలదు మేడమ్."

డాక్టర్లు కూడా తలలూపారు. ఆ గదిలో ఆవిడ మాట కాదనేవాళ్లే లేరు. మర్యాద అంతా పరుపులా మెత్తగా ఉంది, ఎటు తోసినా చెయ్యి దిగబడిపోతోంది. జడ్జిగారు గడియారం చూసుకున్నారు. "ఇంకేమీ లేకపోతే..."

పేరిందేవి కళ్లజోడు ముక్కు చివరికి దించింది. గొంతు బొంగురు చేసింది.

"ఎందుకు వద్దు? పిల్లలకి మార్కులు రావద్దా? నీకేం పోయింది?" అంది. అచ్చం భీమశంకరంగారే.

డాక్టర్లలో ఒకరు మంచినీళ్ల గ్లాసు ఆవిడ దగ్గరికి జరిపారు.

"మార్కులు రావాలి," అంది పేరిందేవి, ఈసారి తన గొంతుతో. "నేను చెప్పినవి చాలావరకు రైటే అయ్యాయి. ఒక్కటే తప్పయింది."

కళ్లజోడు మళ్లీ కిందికి దిగింది. "ఒక్కటే కదా. గుండెనొప్పిని గ్యాసన్నావు. ఎవరైనా అంటారు. లక్షణాలు చూసే అన్నావు."

అది హాస్యం కాదు. ఆయన కూడా అననన్న మాట ఆవిడ అనేసింది. అయినా ఆపలేదు.

"లక్షణాలు నేను చూళ్లేదు. మనిషినే చూళ్లేదు. గుమ్మంలోనే చెప్పేశాను."

"చూడకుండా ఎలా చెప్పావు? ఊరికే నోటికొచ్చిందా?"

"ఊరికే రాలేదు. ఎన్నోసార్లు..." ఆవిడ కళ్లు మూసుకుంది. "ఎన్నోసార్లు విన్నాను ఆ మాట. సాయంత్రమైతే సాంబమూర్తి వీధి చివర బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటాడు. తిని, గుండెల్లో బరువంటాడు. సత్యవేణి వాము నీళ్లిస్తుంది. తగ్గిపోతుంది. అదే వచ్చింది నాకు. బజ్జీలు తిన్నాడు కాబట్టి గ్యాసు."

"మరింకేం. కారణం బాగానే ఉంది."

"బాలేదు. ఆవేళ శనివారం. శనివారం ఆయన ఒంటిపూట. సాయంత్రం పచ్చి మంచినీళ్లే. బజ్జీలు తినలేదు."

వినీల్ కరెక్టు అనబోయి ఆగాడు.

పేరిందేవి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను గ్యాసు, బజ్జీలు తిన్నాడు కదా అని ఉంటే, సత్యవేణి శనివారమండీ అనేది. ఆ పిల్లకి నాకంటే బాగా తెలుసు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లేది. కారణం నేను చెప్పలేదు, అందుకని కాదనడానికి ఆ పిల్లకి ఏమీ దొరకలేదు. జవాబు ఒక్కటే ఇస్తే ఎదుటివాళ్లు దణ్ణం పెట్టాలి, లేకపోతే ఊరుకోవాలి. కారణం కూడా ఇస్తే దిద్దుతారు. ఈ టోపీ పెట్టుకున్న పిల్లల్ని ఎవరూ దిద్దలేరండి. వాళ్లని వాళ్లు కూడా దిద్దుకోలేరు. ఈ ఒక్క కారణం వెతుక్కోడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. నాకు ఒకప్పుడు ఉన్న దారి మళ్లీ తవ్వుకుంటున్నాను. పిల్లలకి ఇంకా దారే పడలేదు."

జడ్జిగారు వివరణ కూడా కొలిచి, పెద్దవాళ్లలో పోయింది తిరిగొస్తుందని రుజువు చేసేదాకా పిల్లల జోలికి వెళ్లకూడదని తీర్మానం రాయించారు. ఆరు నెలల తర్వాత మళ్లీ విచారిస్తామన్నారు. వినీల్ హండ్రెడ్ పర్సెంట్ అన్నాడు గానీ అంత గట్టిగా అనలేదు. లోహిత ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మందాకా వచ్చింది.

ఆటో అపార్ట్‌మెంటు ముందు ఆగింది. భీమశంకరంగారు లిఫ్టులోంచి దిగి తమ తలుపు తాళం తీస్తున్నారు. పేరిందేవి ఎదురింటి గంట నొక్కింది.

సత్యవేణి తలుపు తీసి నవ్వింది. "రండి పిన్నిగారూ." సాంబమూర్తి సోఫాలో దిండుకి ఆనుకుని ఉప్పులేని ఉప్మా తింటున్నాడు.

పేరిందేవి కూర్చోలేదు. "గ్యాసని ఎందుకన్నానో ఇవాళ దొరికింది. చెప్పాలని వచ్చాను," అంది.

"ఇప్పుడెందుకండీ. మీకలా తోచింది, అంతే."

"అంతే కాదు. రోజూ బజ్జీలు తింటాడు కదా, అందుకని అన్నాను."

సత్యవేణి నవ్వు మెల్లగా పోయింది. చేతిలో గరిటె కిందికి దిగింది.

"ఆవేళ శనివారం," అంది.

"అవును."

"శనివారం సాయంత్రం ఈయన పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టరని మీకు తెలీదా? ఇన్నేళ్లుగా ఎదురింట్లో ఉన్నారు. మీకు తెలీదా అంట?"

"తెలుసు."

"తెలిసుండి ఎలా అన్నారండీ ఆ మాట? నేను మిమ్మల్ని నమ్మి వాము కాస్తూ కూర్చున్నాను. ఆ మనిషి అక్కడ చెమటలు కక్కుతుంటే నేను వాము కాస్తూ..." సత్యవేణి గొంతు పెరిగింది. ఇన్నాళ్లూ లిఫ్టు నెంబర్లు చూస్తూ మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. మెట్ల మీద వాళ్లు ఆగి విన్నారు. సాంబమూర్తి వద్దులేవే అన్నాడు. సత్యవేణి వినలేదు.

పేరిందేవి కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. తల వంచుకోలేదు. ఒక్కో మాటా పూర్తిగా వింటూ కూర్చుంది.